"ఏమో"కి ఫ్రెంచిలో ఏమంటారు?

ఈ మధ్య మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఎవర్ని కదిపినా ఫ్రెంచి క్లాసంటున్నారు. భాష మీద ప్రేమ కాదు లెండి, కెనడా మీద. 2023లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచి వచ్చినవాళ్ళకి వేరే డ్రాలు మొదలయ్యాయి. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింటిలోనూ ఏడో లెవెల్ రావాలి.

నా గోలల్లా ఆ భాషని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం గురించి. "పోతెత్ర్ అంటే మేబీ" అని రాసుకుని ముందుకెళ్ళిపోతాం. తర్వాత "సాఁ దూత్" దగ్గర బోల్తా. మాటకి మాట చూస్తే "అనుమానం లేకుండా". వాడుకలో మాత్రం "బహుశా"! నిజంగానే అనుమానం లేకపోతే మధ్యలో "ఓకాఁ" అని ఇంకోటి తగిలించాలి. ఇంగ్లీషులో ఆలోచిస్తే ఇది తిక్క భాషలాగే ఉంటుంది. కానీ "తప్పకుండా వస్తామండీ" అన్నవాళ్ళలో ఎంతమంది మన గృహప్రవేశానికి వచ్చారో లెక్కేసుకుంటే వింతేం ఉండదు :)

ఇంకోటి. ఫలానా మంత్రికి ఒంట్లో బాలేదని రూఢి కాని వార్త వస్తే ఫ్రెంచి పేపర్లు "ఏ" (ఉన్నాడు) అనకుండా "సెరే" అని క్రియ రూపం మార్చేస్తాయి. ఇంగ్లీషువాడు దీనికి "రిపోర్టెడ్లీ" అని ఓ బారెడు మాట అతికించాలి. మనకో? "బాలేదట". ఒక్క "ట"తో సరి.

అన్నీ ఇలా కలుస్తాయని కాదు. "వస్తాడనుకుంటా", "వస్తాడనుకోను" రెండింట్లోనూ మనకి "వస్తాడు" మారదు. ఫ్రెంచిలో రెండోదానికి "వ్యాఁ" కాస్తా "వియెన్" అయిపోతుంది. ఇక్కడ బట్టీయే గతి.

అసలు చిక్కు వేరే ఉంది. మనసులో "సాయంత్రానికి అయిపోతుందేమో" అనుకున్నవాడు కాల్‌లో "విల్ బి డన్ బై ఈఓడీ" అనేస్తాడు. ఇరవయ్యేళ్ళ ఆఫీసు ఇంగ్లీషు మన "ఏమో"ని మింగేసింది. టెఫ్ కెనడా మాట్లాడే పరీక్షలో రెండో భాగం ఎదుటివాణ్ణి ఒప్పించడం. ఆయన సందేహాలు లేవనెత్తుతుంటాడు. అక్కడా స్టేటస్ అప్‌డేట్ ఇచ్చినట్టు ప్రతిదానికీ "వీ, బ్యాఁ సూర్" అంటే ఎలా?

క్లాసులో హిందీవాళ్ళూ ఉంటారు కదా అంటారా? వాళ్ళకీ "షాయద్" ఉంది. ఎవరి ఇంటి మాటల్లోంచి వాళ్ళు ఎత్తుకోవచ్చు. ఒక్కరోజు మీరన్న "ఏమో"లు, "ట"లు, "కాబోలు"లు రాసుకుని వాటినే ఫ్రెంచిలోకి మార్చి చూడండి. "చూద్దాం"కి వెతుక్కోనక్కర్లేదు, "ఓఁ వెరా". మాట దాటేయడానికి అక్కడా పనికొస్తుంది.