గంట ప్రయాణమేనట!

పోయిన ఆదివారం విజయవాడ పటమటలో మా పెద్దక్కయ్య కొత్తింటి గృహప్రవేశం. ‘బస్సులో ఆరు గంటలు ఎవరు కూర్చుంటారు మావయ్యా, విమానంలో గంట!’ అన్నాడు కూకట్‌పల్లిలో ఉండే మా మేనల్లుడు. నేను మొండికేసి బస్సే ఎక్కాను. ఇద్దరం తెల్లవారుజామున ఐదింటికే ఇళ్లు వదిలాం. వాడు నాకంటే అరగంట ముందు చేరాడు. ఆ అరగంటకి వాడు పెట్టిన ఖర్చుతో ముహూర్తానికి మంచి పట్టుపంచె వచ్చేది.

శంషాబాద్ నుంచి గన్నవరానికి గాలిలో గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే రెక్కపంకాల ఏటీఆర్ గంటకి 500 కిలోమీటర్ల దాకా పోగలదు. అంటే అరగంట పైచిలుకు చాలు. మరి టికెట్ మీద గంట ఎందుకు? రన్‌వే దాకా దొర్లడం, వంతు కోసం ఆగడం, ఆపైన కాస్త ముందుజాగ్రత్త. చెప్పిన వేళకి పావుగంట అటూ ఇటూ అయినా ‘సమయానికి వచ్చినట్టే’ లెక్క మరి! ఇంటి నుంచి శంషాబాద్‌కి 40 కిలోమీటర్లు, అక్కడ రెండు గంటల ముందు హాజరు, గన్నవరంలో దిగాక ఊళ్లోకి మళ్లీ కారు... ఇవేవీ ఆ గంటలో లేవు. తిరుగు ప్రయాణంలో అక్కయ్య మావాడికి ఆవకాయ జాడీ కట్టిచ్చింది. నూనె పచ్చడి చేతిసంచిలో పోనివ్వరు కాబట్టి పెట్టెలో పెట్టాలి. పెట్టె ఇచ్చారంటే బెల్టు దగ్గర కాపలా.

బేగంపేట ఉన్న రోజుల్లో ఈ బాధ లేదు. అమీర్‌పేటలో ఆటో ఎక్కి, మీటరు చూసి ఉలిక్కిపడేలోపు విమానాశ్రయం వచ్చేసేది. 2008 మార్చిలో దాన్ని మామూలు విమానాలకి మూసేశారు. ఊరి నడుమ ఇరుకైపోయింది, తెలుసు. నాకు రన్‌వేల గురించి పాఠం చెప్పక్కర్లేదు. పెద్ద విమానాలకి శంషాబాద్ కావాలి, సరే. పట్టుమని డెబ్బై మందిని మోసే చిన్న ఏటీఆర్‌లనైనా బేగంపేటలో ఉంచితే ఏం పోయేది? మెట్రో 2017లో పట్టాలెక్కింది, శంషాబాద్ మాత్రం ఇంకా చేరలేదు.

దూరం సంగతి వదిలేయండి. హైదరాబాద్‌లో ఎక్కి గన్నవరంలో దిగేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది తెలుగువాళ్లే కదా, ఆ ప్రకటనలు హిందీలో, ఇంగ్లీషులో ఎవరికోసం? మావాడి పక్కన కూర్చున్న నూజివీడు పెద్దావిడ ‘ఏమంటున్నారు బాబూ?’ అని మూడుసార్లు అడిగారట. ‘బెల్టు పెట్టుకోమంటున్నారు మామ్మగారూ’ అని మావాడే చెప్పాడు, జీతం లేని ఎయిర్‌హోస్టెస్‌లాగా.

మా బస్సు డ్రైవరు సూర్యాపేటలో ‘పదే పది నిమిషాలు, టీ తాగేవాళ్లు తాగండి’ అని అరగంట ఆపాడు. అబద్ధమే, కానీ తెలుగులో ఆడాడు.