చాటుమాటు పిలుపుకు తగిన శిక్ష

ఇంగ్లండులో వృత్తిగా ఫుట్‌బాల్ ఆడేవారు ఒక క్లబ్బుతో కొన్నేళ్ళకు ఒప్పందం రాసుకుంటారు. ఆ గడువు తీరకముందే వేరొక క్లబ్బు ఆటగాడితో మాట్లాడదలిస్తే, అతని క్లబ్బు అనుమతిని ముందుగా రాతపూర్వకంగా పొందాలి. చాటుగా కబురుపెట్టడం తప్పు. ఈ నియమం మంచిదే. నాకున్న పేచీ శిక్షతోనే.

2005 జనవరిలో ఆర్సెనల్ ఆటగాడు ఆష్లీ కోల్‌ను చెల్సీ క్లబ్బు కోచ్ జోసె మొరీనియో, మరికొందరు పెద్దలు లండనులోని ఒక హోటల్లో కలుసుకున్నారు. ఆర్సెనల్ అనుమతి లేదు. సంగతి పత్రికలకెక్కింది, విచారణ జరిగింది. జూన్‌లో తీర్పు వచ్చింది. చెల్సీకి 3 లక్షల పౌండ్లు, మొరీనియోకు 2 లక్షలు, కోల్‌కు లక్ష జరిమానా. మళ్ళీ ఇదే తప్పు చేస్తే చెల్సీకి 3 పాయింట్లు కోస్తామని హెచ్చరిక కూడా చేశారు.

అప్పటి చెల్సీ యజమాని రోమన్ అబ్రమోవిచ్ రష్యా కుబేరుడు. ఆయనకు 3 లక్షలంటే చీమకుట్టినట్లయినా ఉండదు. అదే మొత్తం ఒక చిన్న క్లబ్బుకు పడితే దాని నడుం విరిగేది. ఒకే తప్పుకు ఒకే జరిమానా అనడం పైకి సమానంగా కనిపిస్తుంది, అంతే. పోనీ, పాయింట్లు కోసినా ఏమయ్యేది? ఆ ఏడు చెల్సీకి 95 పాయింట్లు, రెండవ స్థానంలో ఉన్న ఆర్సెనల్‌కు 83. పైగా పాయింట్ల కోత ఏ పాపమూ ఎరుగని తోటి ఆటగాళ్ళకూ తగులుతుంది.

2006 ఆగస్టులో కోల్ చెల్సీలోనే చేరాడు. ఈసారి అంతా నియమప్రకారమే. ఆర్సెనల్‌కు విలియం గల్లాస్ అనే ఆటగాడూ, 50 లక్షల పౌండ్లూ దక్కాయి. అయినా చెల్సీ కోరుకున్నది చెల్సీకి దక్కిందా, లేదా? మీరే ఆలోచించండి.

చాటుగా పిలిచిన క్లబ్బు ఆ ఆటగాణ్ణి మూడేళ్ళపాటు చేర్చుకోరాదని శాసిస్తే సరిపోతుందని నా అభిప్రాయం. డబ్బుతో కొనలేని శిక్ష అదొక్కటే. అది ఆటగాడి స్వేచ్ఛకు అడ్డు కాదా అని కొందరు అడుగుతారు. కొంత అడ్డే. కాని మూసుకునేది ఒక్క తలుపు, మిగిలిన క్లబ్బులన్నీ తెరిచే ఉంటాయి.

ఆటగాడి సంపాదన కాలం బహు కొద్ది. తన విలువ తెలుసుకోవాలన్న ఆశ అతనికి సహజం. అందుచేత పిలిచినవారికన్నా వెళ్ళినవాడికి శిక్ష తేలికగా ఉండాలి. మొదటి తీర్పులో ఆ తేడా కొంత కనిపించింది. అప్పీలు తరువాత మొరీనియోకూ, కోల్‌కూ చెరి 75 వేల పౌండ్లుగా మార్చారు. ఆ లెక్క నాకు నేటికీ మింగుడుపడలేదు.