తీగ లేని బండియింటి సౌఖ్యము

బ్రిటనులో మోటారు కారు వెనుక చిన్న బండియింటిని తగిలించుకొని సెలవులు గడపువారు పెక్కుమంది కలరు. ఆ యింటిని కారవాను అందురు. విడిదిచోట విద్యుత్తీగ తగిలింపనిదే అందు సుఖము లేదని కొందఱి వాదము. అది నాకు సమ్మతము కాదు.

1885వ సంవత్సరమున గార్డన్ స్టేబుల్సు అను వైద్యుడు "వాండరర్" అను బండియింటిని తనకై చేయించుకొని, గుఱ్ఱములచే లాగించుచు స్కాట్లండునందలి ఇన్వర్నెస్సు వఱకు పోయెను. ఆయనకు విద్యుత్తీగ లేదు.

నేటివారికి బ్యాటరీ కలదు. అయితే దాని శక్తికి మితి కలదు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీయందు 1200 వాట్-గంటల శక్తి యుండును. సీసపు బ్యాటరీని తఱచు సగమునకు మించి వాడినచో నది త్వరగా చెడును. కావున వాడదగినది 600 వాట్-గంటలే. 5 వాట్ల దీపములు నాలుగు, రాత్రికి 5 గంటలు వెలిగినను, వ్యయమగునది 100 మాత్రమే. 2000 వాట్ల విద్యుత్ కెటిలు పెట్టినచో ఆ 600ను 18 నిమిషములలో హరించును. మంచమున్నంత వఱకే కాళ్లు చాచుకొనవలెనను మన సామెత యిచ్చట సరిపోవును.

కావున దీపములకును నీటిపంపునకును బ్యాటరీని, వంటకును వెచ్చదనమునకును గ్యాసును వినియోగింపవలెను. కప్పుపై నుంచిన సౌరఫలకము పగలు బ్యాటరీని నింపును. చలికాలమున నచ్చటి యెండ స్వల్పము గనుక అప్పుడు మఱింత పొదుపు వలయును.

గ్యాసు విషయమున నొక హెచ్చరిక. చలికి వెఱచి గాలికంతలు మూయరాదు. వంటపొయ్యిని చలికాచుకొనుటకు వాడరాదు. కార్బన్ మోనాక్సైడు రంగును వాసనయు లేని విషవాయువు. నిద్రలోనే ప్రాణము తీయగలదు. దానిని పసిగట్టి మ్రోగు యంత్రము ప్రతి బండియింటను ఉండవలెను.

లెక్కయు జాగ్రత్తయు గలవానికి తీగ లేకున్నను ఆ యింట లోటుండదని నా దృఢాభిప్రాయము.