నిజాంపురాలో వారానికో సాయంత్రం చర్మ పరీక్ష పెట్టాలి

తెలుగునాట పదో తరగతి పరీక్షకు కూర్చున్న పిల్లల పుట్టుమచ్చలను సర్కారు ఒకసారి చూసింది. సర్టిఫికెట్‌లో గుర్తులు రాయాలి కాబట్టి మాస్టారు చొక్కా చెయ్యి పైకి లాగమన్నారు, మెడ పక్కకు తిప్పమన్నారు. కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి అని వెతికి రాసుకున్నారు. ఆ పిల్లలే పెద్దయి సిరిసిల్ల నుంచి, కరీంనగర్ నుంచి, నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి మహారాష్ట్రలోని భివండికి వచ్చారు. సాంచాల (మరమగ్గాల) మధ్య ఇరవై ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. ఆ మచ్చలు అలాగే ఉన్నాయా, పెరిగాయా, కొత్తవి పుట్టాయా అని మళ్లీ అడిగే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు.

ఆ ఏర్పాటు కావాలన్నదే ఈ కరపత్రం. భివండి నిజాంపురాలో ఒక మున్సిపల్ దవాఖానాలో వారానికి ఒక సాయంత్రం, ఐదు నుంచి తొమ్మిది దాకా, మచ్చలూ మానని పుండ్లూ చూసే డాక్టరు కూర్చోవాలి. అనుమానం ఉన్నవాళ్లకు అక్కడికక్కడే పై దవాఖానాకు చీటీ రాయాలి. చీటీ తీసుకున్న మనిషి అక్కడికి చేరాడో లేదో ఎవరో ఒకరు కనుక్కోవాలి. అడుగుతున్నది ఇంతే.

ముందు భయం తీరాలి. ఒంటి మీద మచ్చల్లో దాదాపు అన్నీ ఏమీ చెయ్యనివే. చామనఛాయ, నల్లటి ఒళ్లున్నవాళ్లకు అరికాళ్లలో గోధుమరంగు చుక్కలు, గోళ్లలో సన్నటి గీతలు మామూలే. మచ్చ నుంచి పుట్టే మెలనోమా అనే క్యాన్సర్ భారతదేశంలో అరుదు. ఎండకు కమిలే తెల్లతోలు మనుషులున్న ఆస్ట్రేలియాలో అది ఎక్కువ. అయితే ఈ అరుదుతనమే ఇక్కడ ప్రమాదమైంది. తెల్లవాళ్లకు వీపు మీద, కాళ్ల మీద కనిపించే ఆ జబ్బు, నల్లవాళ్లకు ఎక్కువగా ఎండ తగలని చోట వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోరు కింద. అక్కడ ఎవరూ వెతకరు. వెతికినా క్యాన్సర్ అనుకోరు.

జమైకా గాయకుడు బాబ్ మార్లే కథ ఇదే. 1977లో అతని కాలి బొటనవేలి గోరు కింద నల్లటి మచ్చ కనిపించింది. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నారు. పరీక్షలో అది మెలనోమా అని తేలింది. 1981 మే 11న, 36 ఏళ్లకే, అది ఒళ్లంతా పాకి అతను చనిపోయాడు. ప్రపంచమంతా పేరున్న మనిషి కాలివేలినే మొదట దెబ్బ అనుకున్నారంటే, భివండి కార్ఖానాలో బీమ్ తగిలి గోరు నల్లబడ్డ కార్మికుడిని ఎవరు ఆపి అడుగుతారు?

సాంచాల వల్ల ఈ క్యాన్సర్ వస్తుందని ఎవరూ అనడం లేదు. అక్కడి పని అనుమానాన్ని కప్పేస్తుంది, అంతే. పన్నెండు గంటల పాళీ అంతా నిలబడి, నాలుగు సాంచాల చుట్టూ తిరిగే కాళ్లకు దెబ్బలు తగులుతూనే ఉంటాయి. కాబట్టి ప్రతి నల్లమచ్చకూ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. అరికాల్లో గట్టిపడితే ఆనెకాయ, ఉబ్బితే పులిపిరి. ఒకరు బ్లేడుతో చెక్కుతారు, ఒకరు సున్నం పెడతారు, ఒకరు రోడ్డు పక్కన కూర్చున్నవాడితో యాసిడ్ పెట్టించుకుంటారు. నొప్పి లేదు కదా అని పనికి పోతారు. మొదట్లో ఈ జబ్బుకు నొప్పి ఉండదు.

ఏం చూడాలో పెద్ద చదువు అక్కర్లేదు. 1985లో న్యూయార్క్ డాక్టర్లు నాలుగు గుర్తులు చెప్పారు. మచ్చను మధ్యకు చీల్చినట్టు ఊహిస్తే రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు గీత గీసినట్టు కాక చెదిరి ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కలవడం, పెన్సిల్ వెనక రబ్బరు కంటే, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల కంటే, పెద్దదవడం. 2004లో అయిదోదీ చేరింది: మారుతూ ఉండటం. అయిదింటిలో ఇదే ముఖ్యం. నెలల్లో పెరిగినా, రంగు మారినా, దురద పెట్టినా, రక్తం కారినా చూపించాలి. గోరు సంగతి వేరు. దెబ్బ వల్ల గడ్డకట్టిన రక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతూ పోతుంది. జరగని గీత, ఏడాదికేడాది వెడల్పయ్యే గీత, గోరు మొదట్లో చర్మానికి కూడా పాకిన నలుపు డాక్టరు చూడాల్సినవి.

మచ్చ ఒక్కటే కాదు. మానని పుండు కూడా ఈ లెక్కలోదే. పాత కాలిన మచ్చ మీద, ఏళ్ల తరబడి ఒరిపిడి పడ్డ చోట చర్మ క్యాన్సర్ రావచ్చు. ఈ సంగతి ముంబైలో చాలా పాతది. పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941 ఫిబ్రవరి 28న మొదలైంది. అక్కడి డాక్టరు వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో ఒక వ్యాసం రాశారు. మనుషుల అలవాట్లతో ముడిపడ్డ మూడు క్యాన్సర్లను అందులో వివరించారు. పంచె బిగించి కట్టే చోట చర్మానికి వచ్చేది ఒకటి. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆంధ్ర తీరంలో అంగిట్లో వచ్చేది ఇంకొకటి. పెదవి లోపల ఖైనీ పెట్టుకునేవాళ్లది మూడోది.

ఎనభై ఏళ్లు గడిచాక, 2024లో, వార్ధా, బీహార్ డాక్టర్లు ఇద్దరు ఆడవాళ్ల కథలు ప్రచురించారు. ఇద్దరూ వయసు మళ్లినవాళ్లే. నడుముకు బిగించి కట్టిన ముడి ఏళ్ల తరబడి ఒరుసుకుని పుండు పడింది, నెలల తరబడి మానలేదు. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్. పొద్దంతా కూర్చుని కండెలు చుట్టే ఆడవాళ్ల నడుము మీద లంగా నాడా నల్లటి గీతలా దిగి ఉంటుంది. ఆ గీత మీద పుండు పడి నెల దాటినా మానకపోతే ఎవరికి చూపించాలి? మగ డాక్టరుకు చూపించలేక దాచుకునే చోటు అది. అందుకే ఆ సాయంత్రం ఒక నర్సమ్మ తప్పక ఉండాలి.

మూడోది స్పర్శ లేని మచ్చ. పాలిపోయిన మచ్చ మీద గిల్లినా తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. ఆ మాట వింటేనే కార్ఖానాలో పక్కవాడు జరిగి కూర్చుంటాడని దాచేవాళ్లున్నారు. కుష్ఠు జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒకరి కంటే తక్కువకు దిగిందని ప్రభుత్వం 2005 డిసెంబర్‌లో ప్రకటించినా, కొత్త కేసులు ఆగలేదు. మందులు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి, పోగు ముడి వెయ్యడం చేతకాదు. ఇక స్పర్శ బాగానే ఉన్న తెల్లమచ్చ బొల్లి కావచ్చు, అది అంటదు, ప్రాణం తియ్యదు. ఏది ఏదో తేల్చడానికి డాక్టరుకు రెండు నిమిషాల చూపు, ఒక దూది పోగు చాలు.

ఇంత అరుదైన జబ్బు కోసం వారానికో పూట ఎందుకని కార్పొరేషన్ అధికారి అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ సాయంత్రం వరసలోనే ఉంటుంది. పదిమంది ఒకే గదిలో పాళీల వంతున పడుకునే ఊరిలో తామర, గజ్జి ఇంటింటికీ తిరుగుతాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ట్యూబు పూస్తే తామర రెండు రోజులు అణిగి మళ్లీ రెట్టింపు పాకుతుంది. వరసలో ఎక్కువమంది వీళ్లే. వాళ్లకు సరైన మందు దొరుకుతుంది, వాళ్ల మధ్య నిలబడ్డ ఆ ఒక్కరి అరికాలూ డాక్టరు కంట్లో పడుతుంది.

పునాది ఇప్పటికే ఉంది, కొత్త భవనం కట్టమని ఎవరూ అడగడం లేదు. 2011 జనాభా లెక్కల్లో భివండి జనం 7,09,665. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం 50 వేల మందికి ఒక ఆరోగ్య కేంద్రం ఉండాలి, అంటే పాత లెక్కకే పద్నాలుగు. 30 ఏళ్లు దాటినవాళ్ల దగ్గరికి ఆశా కార్యకర్త ఫారం పట్టుకుని వస్తుంది. స్పర్శ లేని మచ్చలు, చర్మం మీద గడ్డలు, అరికాళ్లలో మళ్లీ మళ్లీ వచ్చే పుండ్ల గురించి అందులో ప్రశ్నలున్నాయి. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకు పరీక్షలూ ఉన్నాయి. మారుతున్న మచ్చ గురించి ఒక్క ప్రశ్న లేదు. ఊళ్లో ఇందిరాగాంధీ స్మారక ఉపజిల్లా దవాఖానా ఉంది, జనం ఐజీఎం అంటారు. కల్వాలో ఛత్రపతి శివాజీ మహారాజ్ ఆసుపత్రి, దానికి కలిసిన మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఆ పైన పరేల్‌లో టాటా. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె తర్వాత ముంబై వదిలి భివండి చేరిన తెలుగు కుటుంబాలకు పరేల్ దారి కొత్త కాదు.

2023 ఆగస్టు 15 నుంచి మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ దవాఖానాల్లో చికిత్స ఉచితం. పెద్ద ఆపరేషన్ పడితే మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన ఉంది. రేషన్ కార్డు ఊళ్లోనే ఉండిపోయినవాళ్లకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. అయినా కార్మికుడు వెళ్లడు. దవాఖానా ఉచితమే, పాళీ ఉచితం కాదు. మీటరు లెక్కన కూలి దొరికేవాడికి సాంచ ఆగితే ఆ పూట కూలి పోయినట్టే. పొద్దున ఓపీలో వరస కట్టాలంటే పగటి పాళీ పోతుంది, లేదా రాత్రంతా నిలబడ్డ మనిషి నిద్ర పోతుంది. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది అని అడగడానికి కారణమిదే. రాత్రి ఎనిమిదికి ఎక్కేవాళ్లు ముందు వస్తారు, ఎనిమిదికి దిగినవాళ్లు తర్వాత వస్తారు.

కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందన్న భయం ఇంకొకటి. ముక్క పరీక్ష వల్ల మెలనోమా పాకదు. అది చెయ్యకపోతే మచ్చ ఎంత లోతుకు దిగిందో తెలియదు, వైద్యం నడిచేది ఆ లోతు మీదే. ఒక మిల్లీమీటరు లోపే ఉంటే చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా కోసేస్తే ఎక్కువమంది బాగుపడతారు. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకో కాలేయానికో చేరాక దొరికితే ఖరీదైన మందులు వాడాలి, ఫలితం మీద నమ్మకం తగ్గుతుంది.

ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యంలో ఇలాంటి అనుమానానికి గడువు ఉంది. వీధి డాక్టరు క్యాన్సర్ అనుమానంతో పైకి పంపిన రోజు నుంచి 28 రోజుల్లోపు ఉందనో లేదనో రోగికి చెప్పాలన్నది అక్కడి లక్ష్యం, 2023 అక్టోబర్ నుంచి లెక్క దాని మీదే. ప్రతిసారీ ఆ గడువు అందుకోకపోయినా, ఎంతమందికి దాటిందో లెక్క కడతారు, బయట పెడతారు. భివండిలో చీటీ పట్టుకుని వెళ్లినవాడు తిరిగి వచ్చాడో, ఊరెళ్లిపోయాడో ఏ రిజిస్టరూ చెప్పదు.

కావలసినవి అయిదు.

ఒకటి, నిజాంపురాలో వారానికో సాయంత్రం చర్మ పరీక్ష. రోజు, వేళ గోడ మీద తెలుగు, హిందీ, మరాఠీ, ఉర్దూల్లో రాయాలి. చర్మ వైద్యుడు రాలేని వారం ఫోటో తీసి ఈ-సంజీవని ద్వారా దూరాన ఉన్న డాక్టరుకు చూపించాలి.

రెండు, ఐజీఎంలో మచ్చను పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ ఒకటి, ముక్క తీసే ఏర్పాటు. కార్మికుడు పరేల్ దాకా వెళ్లే ముందు తీసిన ముక్క వెళ్లాలి.

మూడు, ఆశా ఫారంలో ఒక ప్రశ్న: ఏ మచ్చయినా పెరిగిందా, రంగు మారిందా, రక్తం కారిందా? అడిగేటప్పుడు చెప్పులు విప్పించి అరికాళ్లు చూడాలి.

నాలుగు, పంపినవాళ్ల రిజిస్టరు. పేరు, ఫోను, పంపిన తేదీ, ఫలితం చెప్పిన తేదీ. 28 రోజులు దాటిన ప్రతి పేరుకూ దవాఖానా నుంచి ఫోను వెళ్లాలి.

అయిదు, చీటీ చూపిన కార్మికుడికి ఆ పూట కూలి కొయ్యకూడదన్న మాట సేట్ల సంఘాలతో రాతలో తీసుకోవాలి.

ఈ అయిదింటితో వినతిపత్రం కార్పొరేషన్ కమిషనర్‌కూ, ఐజీఎం వైద్యాధికారికీ, ఠాణే జిల్లా సివిల్ సర్జన్‌కూ అందాలి. నిజాంపురా కార్ఖానాల్లోనూ, పద్మనగర్, కామత్‌ఘర్ తెలుగు బస్తీల్లోనూ పద్మశాలి సంఘాలు, మహిళా బచత్ గట్లు (పొదుపు సంఘాలు), కార్మిక సంఘాలు సంతకాలు పట్టవచ్చు. ప్రతి కాపీ మీదా అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోవాలి. నెల దాటినా జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగవచ్చు. అంతదాకా మచ్చ మారిందన్న అనుమానం ఉన్నవాళ్లు ఆగనక్కర్లేదు. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసుకుని, ఐజీఎంలో కేస్ పేపర్ కట్టించి, అరికాలు చూడమని నోరు తెరిచి అడగాలి. పై దవాఖానాకు పంపితే చీటీ మీద ఎందుకు పంపుతున్నారో రాయించుకోవాలి.