మాటలేని బొమ్మకు దుబాసీ యేల?

"సంభాషణలులేని చలనచిత్రమును బడిలో చూపినచో పిల్లల కేమి బోధపడును? నీతి చెప్పువారెవరు?" అని మనలో కొందఱు పెద్ద లడుగుచున్నారు. ఈ ప్రశ్న పిల్లల తెలివినిగూర్చి పుట్టినది కాదు. మన నోటికి పని తప్పునేమోయను భయమునుండి పుట్టినది.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని నాలుగు విధములుగా చెప్పెను. వాచికము నాలుగింట నొకటి మాత్రమే. తెలుగువారైన సింగీతం శ్రీనివాసరావుగారు 1987లో 'పుష్పక విమానము' తీసి దీనిని నిరూపించిరి. అందొక నిరుద్యోగి త్రాగి పడియున్న ధనికుని బంధించి, వాని హోటలు గదిలో భోగము లనుభవించును. తుదకు ఆ దొంగసుఖమును విడిచి ఉద్యోగార్థుల వరుసలో నిలుచును. ఇది చూచిన బాలునకు నీతి వేఱుగ చెప్పవలయునా?

చెక్ దేశీయుడగు యాన్ ష్వాంక్‌మాయెర్ 1982లో 'సంభాషణకు గల అవకాశములు' అను చిన్న చిత్రమును తీసెను. పేరు సంభాషణయే గాని అందు మాట లేదు. మొదటి భాగమున కాయగూరలతో నొక తల, వంటింటి సామానుతో నొక తల, పుస్తకములు కాగితములతో నొక తల కలవు. అవి ఒకదాని నొకటి మ్రింగి, నమిలి, వెడలగ్రక్కును. పదేపదే యిట్లు జరుగగా ముక్కలు సన్నబడి, ఒకే పోలికగల మట్టితలలు మిగులును. అవి తమవంటి తలలనే కక్కుచుండును. పిచ్చివాని కలవలె నున్నదందురు. తరగతి యంతటిచేత ఒకే జవాబును వల్లెవేయించు మన విద్యకు ఇంతకంటె నిజమైన పటము కలదా?

ఆ చిత్రమునకు 1983లో బెర్లిను ఉత్సవమున లఘుచిత్రముల స్వర్ణభల్లూకము లభించినది. స్వదేశమున అధికారులు దానిని నిషేధించిరి. మాటయే లేనిచోట ఖండింపదగిన మాట యేది? చూచువారు తమంతట తామే అర్థము చేసికొందురను భయమే కారణము. వ్యాఖ్యాత లేనిదే చూపరాదను మన పెద్దలదియు ఆ భయమే.

చేవెళ్ల, మొయినాబాదు బడులను తలపోయుడు. ఇంట తెలుగాడు బిడ్డ, ఉర్దూ ఆడు బిడ్డ, పనికై వలసవచ్చినవారి బిడ్డ ఒకే తరగతిలో కూర్చుందురు. 2022 మొదలుకొని ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము విస్తరించినది. పాఠపు భాష రాని బిడ్డను మందమతియని మనము త్వరపడి తీర్పు చెప్పుచున్నాము. మాటలేని తెఱయెదుట ఆ బిడ్డ యెవరికిని తీసిపోదు.

మాట వలదని మేమనము. దాని వంతు తరువాత రావలయు నందుము. పై తరగతులవారికి ఇట్టి చిత్రములను చూపుడు. చూపునంతసేపు ఉపాధ్యాయుడు మౌనము వహించుగాక. పిమ్మట ప్రతి బిడ్డయు తాను కన్నదానిని తన యింటి భాషలో చెప్పుగాక. ఉపాధ్యాయుడు అందఱికంటె కడపట మాటలాడుగాక.