నిజాం గెలిచి ఉంటే ముల్కీ ఎవరు?

సెప్టెంబరు దగ్గరపడిందంటే మా పత్రికకు ఒకే రకం కథలు వస్తాయి. హైదరాబాదు రాజ్యాన్ని ఇండియాలో కలిపిన పోలీసు చర్య జరగకపోయి ఉంటే? రాసేవాళ్లలో చాలామంది మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే కుర్రకారు. వాళ్ల కథల్లో సైబర్ టవర్స్ మీద ఆసఫ్‌జాహీ పసుపు జెండా ఎగురుతుంది. గుంటూరు అమ్మాయి కోదాడ దగ్గర పాస్‌పోర్టు చూపించి లోపలికి వస్తుంది. జీతం హాలీ సిక్కాలో పడుతుంది. సరదాగానే ఉంటాయి. కాని జెండా, సిక్కా, పాస్‌పోర్టు మార్చేశాక రచయితకు ఇంక మార్చడానికేమీ తోచదు.

అసలు ఆ జెండా ఎలా నిలుస్తుంది? ఈ కథల్లో ఎవరో ఒక విదేశీ శక్తి వచ్చి ఆదుకుంటుంది. 1948లో వచ్చిందెవరు? సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు డబ్బుకు కరాచీ నుంచి దొంగచాటుగా ఆయుధాలు తెచ్చి దించాడు. బ్రిటన్ డొమినియన్ హోదా ఇవ్వలేదు. పోర్చుగీసువాళ్ల నుంచి గోవా కొనుక్కుని సముద్రం చూడాలన్న నిజాం ముచ్చట తీరలేదు. ఆగస్టు 21న భద్రతా మండలికి ఫిర్యాదు వెళ్లింది. సెప్టెంబరు 11న జిన్నా పోయాడు, 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. 16న ప్యారిస్‌లో మండలి ముందు మొయిన్ నవాజ్ జంగ్ తన రాజ్యం గోడు వినిపించాడు. మర్నాటికి ఇక్కడ ఆ రాజ్యం లొంగిపోయింది. నాలుగు వైపులా భారత భూభాగమే ఉన్న దేశానికి సాయం రావాలంటే ఎవరికో ఒకరికి పెద్ద స్వార్థం ఉండాలి. ఆ స్వార్థమేమిటో చెప్పే కథ నాకింకా అందలేదు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. కొందరు అల్జీరియాను, రొడీషియాను తెచ్చి ఇక్కడ అతికిస్తున్నారు. 1962లో అల్జీరియా వదిలి ఓడలెక్కిన ఫ్రెంచివాళ్ల స్థానంలో హైదరాబాదు ముస్లిములను నిలబెడుతున్నారు. ఇది ఒప్పుకోలేను. అధికారం ఒక చిన్న వర్గం చేతిలో ఉండటం నిజమే, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దౌర్జన్యం నిజమే. అంతమాత్రాన తరతరాలుగా ఈ నేల మీద పుట్టి పెరిగినవాళ్లు వలసొచ్చిన దొరలైపోరు. ఇండియాలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో హతమైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? దొరల మీద పోరాడిన రైతుల పక్షాన నిలిచిన ఉర్దూ కవి మఖ్దూం ఎవరు?

వలస వచ్చినవాళ్లంటూ ఉన్నది హైదరాబాదు పాతబస్తీ పక్కనున్న బార్కస్‌లో. దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు సిపాయిల పిల్లలు, మనవలు వాళ్లు. వాళ్లలో చాలామంది ఎడారి చూసెరుగరు. పోలీసు చర్య తర్వాత అరబ్బులను, పఠాన్లను విదేశీయులన్నారు. ఎందరినో నిర్బంధించారు, కొందరిని ఏడెన్‌కు పంపించారు. మరో ఊళ్లో ఏం జరిగిందో కూడా చూడండి: హైదరాబాదు సైన్యంలో ఆర్జించిన సొమ్ముతో హద్రమౌత్‌లో రాజ్యం కట్టుకున్న కుఐతీ వంశం, 1967లో బ్రిటిషువాళ్లు వెళ్లిపోతున్న వేళ, విప్లవకారుల చేతిలో తన రాజధాని ముకల్లాను పోగొట్టుకుంది. తేదీ కూడా సెప్టెంబరు 17, హైదరాబాదు లొంగిన రోజే! చరిత్ర ఇలాంటి చిలిపి పనులు చేస్తుంటుంది. కల్పనగా రాస్తే మాత్రం అతికినట్టు లేదని నేనే కొట్టేసేవాణ్ని.

భద్రతా మండలికి టెలిగ్రాములు పంపినవాళ్లొకరు, దెబ్బలు తిన్నవాళ్లొకరు. పోలీసు చర్య తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఏమయ్యాయో భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసింది. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ప్యారిస్ గడప ఎక్కని జనం వాళ్లు. నిజాం ఖజానా నుంచి లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ పేర పడ్డ పది లక్షల పౌన్లకు మాత్రం డెబ్బై ఏళ్లు లాయర్లు దొరికారు. 2019లో ఇంగ్లండు హైకోర్టు ఆ సొమ్ము భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు చెందుతుందని తీర్పిచ్చింది. అప్పటికది మూడున్నర కోట్ల పౌన్లు.

ఇక హైటెక్ సిటీ సంగతి. మెట్రో దిగే రాయదుర్గంలో ఒక రెవెన్యూ గ్రామం పేరు నేటికీ రాయదుర్గ్ పాయెగానే. నిజాం కొలువులోని పాయెగా అమీర్ల జ్ఞాపకం అలా రికార్డుల్లో మిగిలింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. నిజాం నిలిచిన కథలో ఆ రద్దు ఎవరు చేస్తారు? నల్లగొండ, వరంగల్ పల్లెల్లో వెట్టికి ఎదురు తిరిగి 1946 నుంచే పోరుబాట పట్టిన రైతులు ఎటుపోతారు? కుర్రాళ్ల కథల్లో ఢిల్లీ ఉంటుంది, కరాచీ ఉంటుంది. జనగామ ఉండదు. నా దృష్టిలో ఇదే పెద్ద లోపం. పల్లె లేని హైదరాబాదు రాజ్యం పటం మీద తప్ప ఎక్కడా లేదు.

పాస్‌పోర్టు కూడా కల్పించనక్కర్లేదు. 1919 నాటి ఫర్మానా ప్రకారమే బయటి నుంచి వచ్చిన మనిషి పదిహేనేళ్ల నివాసం ఉంటేగాని ముల్కీ, అంటే సర్కారు ఉద్యోగానికి అర్హుడైన స్థానికుడు, కాదు. నిజాం పోయాడు, ఆ నిబంధన పోలేదు. 1952లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర, అన్నిటి వెనకా అదే లెక్క. ఆ ఉద్యమాలను చల్లార్చడానికి వచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో పుట్టిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇవాళ గచ్చిబౌలిలో ఐటీ కంపెనీల పక్కనే ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి మూడో తరం ఎదిగినా కూకట్‌పల్లిలో ఆ కుటుంబాలు ఎన్నికలప్పుడు సెటిలర్లే. ఆ మాటకు నొచ్చుకునే కుర్రాడు తన కథలో బార్కస్ అరబ్బును మాత్రం విదేశీ విలన్ను చేస్తాడు.

వచ్చే సంచికకు ఇలాంటి కథలు మళ్లీ వస్తాయి, వేస్తాం కూడా. ఒక్కటే షరతు. జెండా ఎవరిదైనా పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. ఆ రాజ్యంలో ముల్కీ సర్టిఫికెట్టు కోసం తహసీలు ఆఫీసు ముందు నిలబడ్డ మనిషి పేరు, ఊరు, కాగితం తిరస్కరించడానికి గుమాస్తా చెప్పిన కారణం కథలో ఉండాలి.