గర్భిణికి పంటి నొప్పి వస్తే ‘కాన్పయ్యాక చూద్దాం’ అనొచ్చా?

మీ ఇంట్లో ఏడో నెల గర్భిణి ఉందనుకోండి. రెండు రోజులుగా దవడ పన్ను సలుపుతోంది, రాత్రిళ్లు నిద్ర లేదు. పళ్ల డాక్టర్ ‘ముందు మీ గైనకాలజిస్ట్‌తో రాయించుకుని రండి’ అంటారు. గైనకాలజిస్ట్ ‘కాన్పయ్యాక చూపించుకోండి’ అంటారు. ఈలోపు ఇంట్లో ఎవరో మందుల షాపుకు వెళ్లి నొప్పి గోలీలు తెస్తారు. గర్భిణికి అని షాపులో చెప్పరు, షాపువాళ్లూ అడగరు.

అసలు భయపడాల్సింది ఆ గోలీకే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మందులు 20 వారాలు దాటాక వాడితే కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతిని, ఉమ్మనీరు తగ్గిపోవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌తో పుట్టబోయే బిడ్డ పళ్లకు శాశ్వతంగా మరకలు పడొచ్చు. పారాసెటమాల్, అమోక్సిసిలిన్ లాంటివి డాక్టర్ చెప్పిన మోతాదులో గర్భిణులకూ ఇస్తారు.

మరి పన్నుకు వైద్యం? చేయించుకోవచ్చు. పన్ను దగ్గర ఇచ్చే లిగ్నోకెయిన్ మత్తు సూది, పొట్టకు అడ్డుగా లెడ్ ఆప్రాన్ వేసి తీసే పంటి ఎక్స్‌రే, పన్ను పీకడం, రూట్ కెనాల్... ఇవన్నీ గర్భంలో సురక్షితమేనని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2013లోనే స్పష్టం చేసింది. తీరిగ్గా చేయించుకునే పనులకు నాలుగో నెల, ఐదో నెల అనువైన సమయం. చీము పట్టినా, జ్వరం వచ్చినా ఏ నెలైనా ఆగకూడదు. నెలలు నిండుతున్నప్పుడు కుర్చీలో వెల్లకిలా పడుకోబెడితే బీపీ పడిపోవచ్చు కాబట్టి కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టమని అడగండి.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం. కరీంనగర్ జిల్లాలోనైతే 80 శాతం దాటాయి. పొట్ట కోయడానికి ఇంత తొందరపడే చోట, గర్భిణి పన్ను ముట్టుకోవడానికి మాత్రం అందరూ జంకుతున్నారు.

లక్షణం ఒకటే, జబ్బులు వేరు

వాయిదా వేయడంలో ఇంకో చిక్కుంది. నోట్లో కనిపించే బాధ ప్రతిసారీ పంటిదే కాదు.

ముఖం వాచిందనుకోండి. ఒకవైపు చెంపే వాచి, ముట్టుకుంటే నొప్పి, జ్వరం ఉంటే పంటి చీము అయ్యే అవకాశం ఎక్కువ. ముఖమంతా ఉబ్బి, చేతులు కూడా వాచి, గాజులు బిగుసుకుంటే వెంటనే బీపీ చూపించాలి. 20 వారాల తర్వాత బీపీ 140/90 లేదా అంతకు మించితే ప్రీఎక్లాంప్సియా అనుమానించాలి. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి కూడా దాని గుర్తులే. ఆ పొట్ట నొప్పిని ‘గ్యాస్’ అని సోడా తాగించి ఊరుకోవడం మన ఇళ్లలో మామూలే. తల్లికి మూర్ఛలు వచ్చే దాకా ముదిరే జబ్బు అది.

చిగుళ్ల నుంచి రక్తం వస్తే చాలాసార్లు హార్మోన్ల వల్ల వచ్చే చిగుళ్ల వాపే. పళ్లు క్లీన్ చేయించుకుంటే తగ్గుతుంది. కొందరికి చిగురు మీద ఎర్రటి గడ్డ లేస్తుంది. క్యాన్సరేమోనని హడలిపోతారు కానీ, సాధారణంగా అది కాన్పు తర్వాత కరిగిపోతుంది. అయినా డెంటిస్టుకు చూపించి నిర్ధారించుకోవాలి. వానాకాలం జ్వరాల సీజన్‌లో, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు, జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వస్తే లెక్క మారుతుంది. డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. ఆ రక్త పరీక్ష చేయకుండా పన్ను పీకితే రక్తం ఆగకపోవచ్చు.

చిగుళ్లు తెల్లగా పాలిపోతే రక్తహీనత అనుమానించాలి. రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా మందికి అది ఉన్నట్టు అదే సర్వే చెబుతోంది. ఐరన్ గోలీలు సరిగ్గా వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే గోలీలు మార్చుకుంటూ పోవద్దు, సికిల్‌సెల్ పరీక్ష అడగండి. గిరిజన ప్రాంతాల కోసం కేంద్రం 2023 జులైలో మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో తెలంగాణ కూడా ఉంది.

చిగుళ్ల జబ్బుకు వైద్యం చేయిస్తే నెలలు నిండకుండా కాన్పు కావడం తప్పుతుందని కొన్ని క్లినిక్‌ల బోర్డులు ఊరిస్తుంటాయి. నమ్మకండి. అమెరికాలో 823 మంది గర్భిణులపై చేసిన పరిశోధన 2006లో వెలువడింది. వైద్యంతో చిగుళ్లు బాగుపడ్డాయి, అలాంటి కాన్పులు మాత్రం తగ్గలేదు. నొప్పి పోవడానికి, తిండి సరిగ్గా తినగలగడానికి ఆ వైద్యం చేయించుకుంటే చాలు.

ఎక్కడికి వెళ్లాలి?

కరీంనగర్‌లో ఉన్నవారికి జిల్లా ఆసుపత్రి, మాతా శిశు కేంద్రం ఊళ్లోనే ఉన్నాయి. ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు రావాలంటే దాదాపు 50 కిలోమీటర్లు. పన్ను కోసం ఒకసారి, చీటీ కోసం ఇంకోసారి అంత దూరం తిరగలేరు. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. పంటి బాధ కూడా ఆ రోజే చెప్పండి. ఎన్నో నెల, బీపీ, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, వాడుతున్న మందులు ఒకే కాగితం మీద రాయించుకోండి. డెంటిస్టు అడిగే చీటీలో ఉండాల్సినవి ఇవే. చెకప్‌కు వెళ్లి రావడానికి 102 వాహనం ఉంది. ముందుగా మీ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పి పెట్టుకోండి.